నర్సమ్మగారి సవరణలు

గత సోమవారం ఉదయం ఆరూ నలభైకి మా వంటింటి కుళాయికి నీళ్లొచ్చాయి. బిందె కింద పెట్టి, అది నిండేలోపు కంప్యూటర్ తెరిచాను. ఒక ఉత్తరం ఉంది. మనిషి రాసింది కాదు. ఒక సవరణ పదమూడు నెలలుగా నా జవాబు కోసం ఆగి ఉందనీ, ఇంకో ముప్పై రోజుల్లో నేను ఏ సంగతీ చెప్పకపోతే అది దానంతట అదే మూతపడుతుందనీ అందులో ఉంది. కింద ఆ సవరణ పంపినవారి పేరు. ఆ పేరు గల మనిషి పోయి పదకొండు నెలలైంది.

బిందె నిండి నీళ్లు గడప దాకా వచ్చాక గాని లేవలేదు.

సవరణ ఒక్క లైను. "మొదటి పేజీ. మొదటి వాక్యం తీసెయ్యాలి." ఆ వాక్యం నేను రాసింది. ఆవిడ ఉన్న రోజుల్లో దాన్ని తీస్తాననీ అనలేదు, తీయననీ అనలేదు. ఇప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నా బదులు యంత్రం వద్దన్నట్టు అవుతుంది.

ఆవిడ ఎవరో, ఆ పేజీలు ఏమిటో ముందు చెప్పాలి.

నేను అమలాపురంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక, ఉచితంగా దొరికే ఒక టెక్స్ట్ ఎడిటర్ గైడును తెలుగులో పెట్టాను. టెక్స్ట్ ఎడిటర్ అంటే పెద్ద విషయం కాదు, కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టి దాచుకునే చిన్న ప్రోగ్రాం. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. దాన్ని తయారుచేసేవాళ్లూ, గైడు రాసేవాళ్లూ జీతం లేకుండా ఎక్కడెక్కడో కూర్చుని చేస్తారు. గైడులో తప్పు కనిపిస్తే ఎవరైనా సవరణ పంపొచ్చు. తెలుగు పేజీలవి నా దగ్గరికొస్తాయి. నేను ఒప్పుకుంటే పేజీ మారుతుంది. మొదటి ఏడాది ఒక్కటీ రాలేదు. తప్పుల్లేవు కాబట్టి రాలేదనుకున్నాను. చదివినవాళ్లు లేక రాలేదని తర్వాత తెలిసింది.

అప్పుడు ఆవిడ మొదటి ఉత్తరం వచ్చింది. అందులో ఇంతే ఉంది: "ఉ. 6-40. పన్నెండో పేజీ చూసి చేశాను. నాలుగో నంబరులో ఉన్నది రెండో నంబరు కంటే ముందు ఉండాలి."

నమస్కారం లేదు, సంతకం లేదు. నేను పెద్ద జవాబు రాశాను. తెలుగులో జాగ్రత్త చెప్పే మాట చివరన వస్తే నిండుగా ఉంటుందనీ, చదివేవారు మొత్తం చదివాకే పని మొదలుపెడతారనీ, సవరణ పంపినవారి శ్రద్ధకు కృతజ్ఞుడిననీ రాశాను. మర్నాడు అదే వేళకు జవాబు వచ్చింది.

"ఆయ్. కానీ ఇంకా మారలేదండి."

అవునండీ అనడానికి మా కోనసీమలో అనే ఆ ఆయ్ చూసి మా ప్రాంతం మనిషేనని తెలిసింది. ఎక్కడుంటారని అడిగాను. పలివెల దాటాక ఫలానా వీధి అని రాశారు. అమెరికా నుంచో జపాను నుంచో రావలసిన సవరణ ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి వచ్చింది. కుతూహలం కంటే ఉక్రోషమే ఎక్కువై వెళ్లాను. ముప్పై ఏళ్లు పిల్లలకు వాక్యం ఎలా రాయాలో చెప్పిన మనిషిని.

కొత్తపేటలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఇంటి గుర్తు చెబుతుంటే డ్రైవరు ఆపేశాడు.

"నర్సమ్మగారింటికా అండి. మొదలే అలా చెప్పొచ్చు కదండీ. టైము కోసవా?"

"ఏం టైము?"

"మీ వాళ్లు పుట్టిన టైమండీ. అందుకే కదా అందరూ వస్తారు."

నాకేమీ అర్థం కాలేదు. అయినా ఆయ్ అన్నాను.

ఆవిడ ప్రభుత్వ ఆస్పత్రి తరఫున ఊళ్లు తిరిగి కాన్పులు చేసిన నర్సు. ఆ చుట్టుపక్కల అందరికీ నర్సమ్మగారే. సన్నటి మనిషి. రిటైరై ఏళ్లయినా జాకెట్టుకి పెన్ను గుచ్చుకునే ఉండేవారు. ఏ పని మొదలుపెట్టే ముందైనా గోడ గడియారం చూసి వేళ పైకి చెప్పేవారు. నేను గుమ్మంలో నిలబడి ఎవరినో చెప్పగానే గడియారం చూసి, "పదీ ఇరవై" అని, అప్పుడు "రండి మాస్టారూ" అన్నారు. రావడం ఆలస్యమైందని అన్నారేమో అనుకున్నాను. కాదు, అది ఆవిడ అలవాటు.

కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. నేను అడగకుండానే లోపల్నించి ఒక బిస్కట్ల రేకు డబ్బా తెచ్చి మూత తీశారు. అందులో కాగితాల ముద్ద ఉంది. నీళ్లలో నాని ఎండిపోయిన నోటు పుస్తకం. పొరలు పొరలుగా విడదీసిన గుర్తులున్నాయి. విడదీసినచోటల్లా చిరిగింది. సిరా నీలంగా పాకిపోయింది.

"గోదారి వచ్చినప్పుడు తడిసిందండి. ఒక్కో కాయితం విప్పి, ఎండకి పట్టుకుని, కనపడ్డంత వరకూ కంప్యూటర్లో ఎక్కించేను. విప్పింది విప్పినట్టే చిరిగిపోయింది. ఎక్కించేను కదా అని బాధ పడలేదు."

ఆవిడ ప్రతి కాన్పూ సొంత పుస్తకంలో రాసుకునేవారు. తల్లి పేరు, ఊరు, తేదీ, వేళ. ఆఫీసు రిజిస్టర్లో తేదీ ఉంటుంది గాని, ఆవిడ పుస్తకంలో నిమిషాలతో సహా ఉండేది. అందుకని జాతకాలు రాయించుకునే వాళ్లు ఆవిడ దగ్గరకొచ్చేవారు. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. జాతకాల మీద నమ్మకం లేదు. "వాళ్లకి కావాల్సింది నా దగ్గరుంది, ఇస్తాను" అనేవారు.

మొదటి పుస్తకం ఎక్కించడం అయ్యాక రెండో పుస్తకం మొదలెట్టాలనుకున్నారు. గడుల పేర్లన్నీ మళ్లీ కొట్టడం ఎందుకని, పాత ఫైలును నమూనాగా వాడుకోవడం ఎలాగో చెప్పే నా పన్నెండో పేజీ తెరిచారు. అది ఇలా ఉంది. ఒకటి, పాత ఫైలును తెరవండి. రెండు, అక్కర్లేని భాగాన్ని చెరపండి. మూడు, సేవ్ బటన్ నొక్కి మూసివేయండి. నాలుగు, పాత ఫైలు చెక్కు చెదరకుండా ఉండాలంటే చెరపడానికి ముందే దాన్ని మరొక పేరుతో దాచడం మరువకండి.

ఇంగ్లీషు గైడులో ఆ నాలుగోది రెండోదిగా ఉంది. దాన్ని కిందికి దింపింది నేను. "మరువకండి" అని ముగిస్తే పేజీ బాగుంటుందనిపించింది.

"మీరు మొత్తం చదివి మొదలెట్టలేదా అండీ?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

"మందుల చీటీ ఎలా వాడతామండి? ఒకటి చదివి ఒకటి వేసుకుంటాం. ఒకటి చదివేను, చేసేను. రెండు చదివేను, చేసేను. మూడు చేసి నాలుగు చదివేను."

"మొదటి పుస్తకం?"

"పోయిందండి."

ఆవిడ గొంతులో నేరం మోపడం లేదు. డబ్బా మూత పెట్టి, రెండు చేతులతో నొక్కి, యథాస్థానంలో పెట్టడానికి లోపలికి వెళ్లారు. నేను కూర్చున్న కుర్చీ కదిలితే చప్పుడవుతుందని కదలకుండా కూర్చున్నాను. ఆవిడ ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల పిల్లలు, రెండు వందలకు పైగా, ఎప్పుడు పుట్టారో చెప్పే కాగితం ఇక లేదు. ఆవిడ వచ్చి కూర్చున్నాక, ఈ సంగతి ఉత్తరంలో ఎందుకు రాయలేదని అడిగాను.

"మీ తప్పని చెప్పడానికి రాయలేదండి. ఇంకోళ్లు చెయ్యకుండా రాసేను. అది చెప్పడానికి ఆ ఒక్క లైను చాలు కదా."

అక్కడే, ఆవిడ కంప్యూటర్ మీదే, నాలుగోదాన్ని పైకి తెచ్చాను. "మరువకండి" తీసేశాను. అయిందని లేవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడు చెప్పింది చెప్పండి."

"అంటే?"

"ఆ పేజీ ఏం చెయ్యమంటోందో చూడకుండా నాకు చెప్పండి మాస్టారూ."

చెప్పాను. వరసగా చెప్పగలిగాను. "బానే ఉంది" అన్నారు. ముప్పై ఏళ్లు నేను మార్కులు వేసినవాణ్ణి. ఆ మాటకు ఇంత సంతోషం కలుగుతుందని తెలియదు.

అర్థమైందా అని ఆవిడ ఎవరినీ అడిగేవారు కారు. ఎందుకడగరో ఆటో అతను చెప్పాడు. నన్ను మొదటిరోజు దింపినవాడే. నలభై దాటినవాడు, రెండిళ్ల అవతల ఉంటాడు, సరుకులు తెచ్చిపెట్టడం, గ్యాసు మార్చడం అతనే చూసేవాడు. ఒకరోజు నేను ఉండగా కొబ్బరికాయలు దింపి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఈ చెప్పింది చెప్పండన్నది నా మూలంగానే వచ్చిందండీ మాస్టారూ. నేనే కారణం."

"నువ్వు కాదురా, మీ అమ్మ" అన్నారు ఆవిడ లోపల్నించి.

"నాకు ఏడాది లేదండి. విరేచనాలు పట్టుకున్నాయంట. ఈవిడొచ్చి పొట్లాలిచ్చి, లీటరు నీళ్లలో కలిపి పట్టమంది. మా అమ్మ ఆయ్ అంది."

"నాలుగుసార్లంది. అర్థమైందా అంటే కూడా ఆయ్ అంది."

"సాయంత్రం వచ్చి చూస్తే ఆ పొడి నా నాలిక మీద చల్లుతోందంట, ఉట్టిదే."

ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. "నీళ్లేవే అన్నాను. నీళ్ల విరేచనాలవుతుంటే నీళ్లెలా పడతామండీ, మీకు తెలీదా అంది. పొద్దున్న నన్ను ఒక్క మాట అడగలేదు. పెద్ద నర్సు చెప్తుంటే కాదంటే బాగోదని ఆయ్ అంది. మన వాళ్లు అంతేనండి. ఆయ్ అంటే విన్నానని. చేస్తానని కాదు."

"బతికేను కదండీ."

"బతికేవు కాబట్టి వేళాకోళం."

పోయిన మొదటి పుస్తకంలో ఇతని వేళ కూడా ఉంది. దాని గురించి ఇద్దరూ వాదించుకోవడం చాలాసార్లు విన్నాను. పుస్తకం పోయాక ఆవిడ ఖాళీ గడుల కింద గుర్తున్న పేర్లు ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించారు. నలభై దాకా వచ్చాయి. వేళ అన్న గడిలో ప్రతిదానికీ "తెలియదు" అని కొట్టారు.

"నాకు పొద్దున్న ఏడని వేసెయ్యండమ్మగారూ. ఎవరొచ్చి చూస్తారు? నా పెళ్లీ అయిపోయింది, పిల్లలూ అయిపోయేరు."

"ఏడని వేస్తే ఏడే అయిపోద్దిరా. ఇంకెవరూ అడగరు. తెలీదని ఉంటే ఎప్పుడో మీ మేనత్తకి గుర్తొస్తుంది."

ఆ తర్వాత మూడేళ్లు, వీలైన ప్రతి గురువారం, నేను వెళ్లాను. గైడు మొత్తం మొదటి పేజీ నుంచి చేసి చూద్దామని అడిగింది నేనే. క్షమాపణ చెప్పడం చేతకాక అది అడిగాను. ఆవిడకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. "ఆయ్, చేద్దాం" అన్నారు. ఈ ఆయ్ మాత్రం చేస్తాననే.

చేసే పద్ధతి ఆవిడది. కంప్యూటర్ ముట్టుకోని మనిషిని ఎవరినైనా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టేవారు. పక్కన స్టూలు మీద తాను కూర్చుని పేజీ పైకి చదివేవారు. అందులో ఉన్నది మాత్రమే, గొంతు ఎత్తకుండా దించకుండా. సాయం చెయ్యకూడదు. అందుకని రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకునేవారు. కూర్చున్న మనిషి వేలు తప్పు బటన్ మీదకి పోతుంటే కొంగులో చేతులు మెదిలేవి. బయటికి వచ్చేవి కావు. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ చేతులు విప్పి, గడియారం చూసి, నోటు పుస్తకంలో వేళా లైనూ రాసుకునేవారు. ఆ లైను మర్నాడు ఉదయం ఆరూ నలభైకి సవరణగా నాకు వచ్చేది. ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి నేనే అయినా ఉత్తరం రావలసిందే.

"అక్కడే చెప్తే మార్చేవాణ్ణి కదండీ."

"నోటితో చెప్తే మీరు ఆయ్ అంటారు."

పక్కింట్లో కొబ్బరి పీచు తాడు పేనే ఆవిడ ఒకరోజు కూర్చుంది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. "ఫైలుకు తగిన పేరు ఇవ్వండి" అన్నచోట ఆగిపోయింది. చాలాసేపు తెర వంక చూసింది. "తగిందంటే ఎవరికి తగిందండీ?" అంది. నర్సమ్మగారి చేతులు కొంగులో గట్టిగా ముడుచుకున్నాయి. చివరికి ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుని తన మనవరాలి పేరు కొట్టింది. మర్నాడు ఉత్తరం: "తగిన అని ఉన్నచోట మీకు గుర్తుండే అని ఉండాలి." మార్చాను. నా గైడు మొత్తంలో "తగిన" ముప్పై ఒక్కచోట ఉంది. దేనికి తగినదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకాయన వచ్చారు. ప్రతి లైనుకూ "ఇది నాకు తెలుసునమ్మా" అంటూ దాటేసి ఏదో నొక్కారు. తెర ఖాళీ అయింది. ఈ ప్రోగ్రాం మంచిది కాదని చెప్పి వెళ్లిపోయారు. ఆవిడ నవ్వలేదు. "చదువుకున్నోళ్లతో ఇదేనండి. సగం మాత్రలు వేసుకుని జ్వరం తగ్గలేదంటారు. ఆ సగంలోనే తగ్గేటట్టు మనం రాయాలి." ఆ పేజీలో ముఖ్యమైన మాట మొదటి లైనులోకి వచ్చింది.

"కొద్దిసేపు వేచి ఉండండి" అన్నదానికి ఎంతసేపని అడిగారు. నాకు తెలియదు. ఆవిడ పది రోజులు గడియారం పెట్టుకుని చూసి, "పది అంకెలు లెక్కపెట్టేదాకా" అని పంపారు. తన పాత కంప్యూటర్ మీద పది, నా దాని మీద నాలుగు. పదే ఉండాలన్నారు. నెమ్మదిగా నడిచేవాళ్ల కోసం రాయాలి గాని, పరిగెత్తేవాళ్లు ఎలాగూ ఆగరట.

ఒక గురువారం ఎవరూ దొరక్క నన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. నా పేజీ, నా మాటలు. ఆవిడ చదువుతున్నారు. "పై భాగంలో ఉన్న గుర్తును నొక్కండి" దగ్గరికి వచ్చేసరికి పైన ఐదు గుర్తులున్నాయి. నా వేలు గాల్లో ఉండిపోయింది. ఆవిడ వంక చూశాను. ఆవిడ గడియారం వంక చూశారు.

"పదీ నలభై ఏడు" అని రాసుకున్నారు.

ఇలా మూడేళ్లలో గైడు సగానికి సగం చిన్నదైంది. నేను ఎంతో మక్కువతో రాసినవి ఒక్కొక్కటే రాలిపోయాయి. బాధ కలగలేదు, ఒక్కచోట తప్ప. మొదటి పేజీ మొదటి వాక్యం. "రాత మనిషికి రెండో జ్ఞాపకం, దానికి ఇల్లు కట్టి ఇచ్చేదే ఈ చిన్న సాధనం." ఇంగ్లీషులో ఇది లేదు. నేనే చేర్చాను. మొదటి పేజీని ఆవిడ ఆ మూడేళ్లలో ఏడుగురితో చేయించారు. ఏడుగురి తర్వాత ఆ సవరణ వచ్చింది.

ఆ గురువారం నేను వెళ్లగానే అడిగాను. "అందులో తప్పేముందండీ?"

"తప్పు లేదు మాస్టారూ. ఆ వాక్యం చదివినప్పుడు ఏడుగురూ ఆయ్ అన్నారు. ఒక్కరి చెయ్యీ కదల్లేదు."

"అన్ని వాక్యాలూ చెయ్యి కదపడానికే ఉండవు కదండీ."

ఆవిడ నా వంక చూశారు.

"ఆయ్" అన్నారు.

ఆ ఆయ్ ఏ ఆయ్యో మూడేళ్లు ఆవిడ దగ్గర కూర్చున్నవాడికి తెలియకపోదు. తెలియనట్టు ఊరుకున్నాను. ఆవిడ సవరణను వెనక్కి తీసుకోలేదు, మళ్లీ ఎత్తలేదు. అది అలా ఆగి ఉంది.

నెల తిరక్కుండా ఆవిడకు ఒంట్లో బాగులేక అమలాపురం ఆస్పత్రికి తెచ్చారు. గుండె నీరసించిందన్నారు. ఆటో అతను ఫోను చేస్తే వెళ్లాను. నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు ఒక నర్సు పిల్ల మందుల కవరు తెచ్చింది. పాతికేళ్లుండవు. ఏది ఎప్పుడు వేసుకోవాలో గబగబా చెప్పి, "అర్థమైందా అమ్మా?" అంది.

"ఆయ్" అన్నారు నర్సమ్మగారు.

ఆ పిల్ల వెళ్లిపోయింది. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ కిటికీ వంక చూస్తున్నారు.

"అర్థమైందా అండీ?" అన్నాను.

"ఆ పిల్ల తెల్లారగట్ల నుంచీ నిలబడే ఉందండి. కాళ్లు చూసేను, చెప్పులు విప్పుకుని నిలబడింది. నేను మళ్లీ చెప్పమంటే ఇంకో మంచం దగ్గరికి ఆలస్యవవుద్ది."

"చెప్పింది చెప్పండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూసింది రెండు మూడుసార్లే. తర్వాత బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చెప్పారు. పొద్దున్న తెల్లది, భోజనానికి ముందు చిన్నది, పడుకునేటప్పుడు ఎర్రది. నాలుగోదాని దగ్గర వేలు ఆగింది.

"తెలీదు" అన్నారు.

నేను వెళ్లి ఆ నర్సు పిల్లని అడిగి వచ్చాను. కాళ్లు వాస్తేనే వేసుకోవాలట. కవరు మీద పెన్నుతో రాశాను. రాసింది ఆవిడకు చూపిస్తే చదివి, "బానే ఉంది" అన్నారు. అంత నీరసంలోనూ గోడ మీద గడియారం కోసం వెతికారు. ఆ గదిలో లేదు. నేను చేతి వాచీ చూసి చెప్పాను. పదకొండూ ఐదు.

ఇంటికి వెళ్లాక ఇంకో రెండు సవరణలు పంపారు. రెండూ కామాల వంటి చిన్నవి. తర్వాత ఒక ఆదివారం ఆటో అతను ఫోను చేశాడు. "అమ్మగారు పోయేరండీ" అన్నాడు. ఎప్పుడని అడిగాను. ఎప్పుడూ అలా అడగను. "ఐదూ పదికండి. నేను చూసేను. ఆవిడ అడుగుతారని చూసేను."

సమాధుల దొడ్డిలో జనం చాలామంది ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లని ఎవరో అన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ తాడు పేనే ఆవిడ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

సోమవారం వచ్చిన ఉత్తరానికి మూడు రోజులు జవాబు చెప్పలేదు. తీసేస్తే ఆవిడ లేదు కాబట్టి తీశాననిపిస్తుంది. ఉంచితే ఆవిడ లేదు కాబట్టి ఉంచాననిపిస్తుంది. రెండూ ఆవిడ ఒప్పుకునే కారణాలు కావు. గురువారం ఉదయం ఆటో అతనికి ఫోను చేశాను. అమలాపురం కిరాయి ఏదైనా ఉంటే ఇటు వచ్చి వెళ్లమన్నాను. ఏమీ లేకపోయినా వచ్చాడు.

అతన్ని నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. పక్కన కుర్చీ వేసుకుని, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దానిలో చుట్టుకున్నాను. గోడ గడియారం చూశాను. "తొమ్మిదీ పది" అన్నాను. మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను.

"రాత మనిషికి రెండో జ్ఞాపకం, దానికి ఇల్లు కట్టి ఇచ్చేదే ఈ చిన్న సాధనం."

"ఆయ్" అన్నాడు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. తర్వాత ఏమిటన్నట్టు నా వంక చూశాడు.

రెండో వాక్యం చదివాను. "రాయడం మొదలుపెట్టడానికి, పైన ఎడమ మూల ఉన్న తెల్ల కాగితం బొమ్మను నొక్కండి." అతని చెయ్యి లేచి మౌసు మీదకి వెళ్లింది. బొమ్మ దొరికింది. నొక్కాడు. తెల్ల పేజీ తెరుచుకుంది.

"ఏం రాయమంటారండీ?"

"నీ ఇష్టం."

చాలాసేపు వెతుక్కుని తన పేరు కొట్టాడు. పక్కన, ఇంకొంతసేపు వెతుక్కుని, "తెలియదు" అని కొట్టాడు. సేవ్ చెయ్యడం ఎలాగో చెప్పమన్నాడు. చెప్పకుండా తర్వాతి లైను చదివాను. దాన్ని బట్టి అతనే చేశాడు. తనకు గుర్తుండే పేరేదో ఇచ్చి దాచి, "ఇది మీ దగ్గరుంచండి మాస్టారూ. మా మేనత్తని ఇంకోసారి అడుగుతాను" అన్నాడు.

అతను వెళ్లాక సవరణ తెరిచి, ఒప్పుకుంటున్నానని నొక్కాను. వాక్యం పోయింది. ఇప్పుడు మొదటి పేజీ తెల్ల కాగితం బొమ్మతో మొదలవుతుంది. పద్ధతి ప్రకారం సవరణ పంపినవారికి ఒక ఉత్తరం తనంతట తానే వెళ్లింది. "మీ సవరణకు ధన్యవాదాలు" అని ఉంటుంది అందులో. ఎవరూ తెరవని పెట్టెలో అది ఉంది.

గైడుకు కొత్త పేజీలు వస్తూనే ఉన్నాయి. తెలుగులో పెడుతూనే ఉన్నాను. ఒకటి చదివి ఒకటి చేసే మనిషికి ఏది ముందు కావాలో అది ముందు రాస్తున్నాను. రాశాక పెద్దగా చదువుకుని, చూడకుండా నాకు నేనే అప్పజెప్పుకుంటాను. నేను రాసింది నాకు వస్తుంది, అందులో పరీక్ష లేదు. గురువారాలు కొత్తపేట బస్సు ఎక్కడం మానేశాను. చెప్పింది చెప్పమని ఇప్పుడు నన్ను ఎవరూ అడగడం లేదు.